ఆకుపచ్చ తలుపు రెండో రెక్క

ఈ ఉదయం మీరు ఇంట్లోంచి బయటికి వస్తూ తోసిన తలుపుకు రంగు వేసింది ఎవరు? జవాబు చెప్పండి. పక్కవాడి మొహం చూడకండి. ప్రార్థనకు వచ్చే ఇళ్లలో ఆయన కుంచె తగలని గుమ్మం ఒక్కటి ఉంటే నాకు చూపించండి. మన మందిరం కిటికీలకు వేసింది ఆయనే. మీ కూతుళ్ల పెళ్లిళ్లప్పుడు ద్వారబంధాలకు మెరుపు పెట్టింది ఆయనే. నా పక్కింటి రంగుల మేస్త్రి మంగళవారం సాయంత్రం కన్ను మూశాడు. బుధవారం పొద్దున సైదాబాదు అవతలి ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చారు. ఆయన్ని మోసుకుని మన మందిరం ముందు నుంచే వెళ్లారు. మీ తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఆయన రంగు వేసిన తలుపులే ఆయన వెళ్తుంటే మూసుకున్నారు.

దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని చూసి అవతలి పక్క నుంచి నడిచిపోయిన యాజకుడి సంగతి మీకు నేను ఎన్ని ఆదివారాలు చెప్పాను? తలలు ఊపారు. బాగా చెప్పావు అన్నా అన్నారు. ఆ యాజకుడికి కనీసం దారిలో నడిచే ధైర్యం ఉంది. మీరు గడియ పెట్టుకున్నారు.

ఆయన నా స్నేహితుడని నేను అనను. అంటే ఆయనే లేచి వచ్చి కొడతాడు. మా ఇద్దరికీ మధ్య ఒకే గోడ. తెల్లవారుజామున నా ప్రార్థన ఆయన నిద్ర చెడగొట్టేది. మధ్యాహ్నం ఆయన రంగుల కోసం పెరట్లో కాచే అవిశె నూనె కంపు నా అన్నం చెడగొట్టేది.

"పాద్రీ సాబ్! నీ దేవునికి చెవుడా? గంత ఒర్రుతవేంది?" అని గోడ అవతలి నుంచి అరిచేవాడు.

"చెవుడు నీకు, భాయ్. నీకు ఇనబడాల్నని ఒర్రుతున్న," అనేవాణ్ణి.

"నాకు ఇనబడ్డది. ఇగ బంద్ చెయ్యి."

నేను పాద్రీని కానని ఆయనకు తెలుసు. బడి గడప తొక్కనివాణ్ణి, గ్రంథం ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి అని ఆయనకు మీ అందరికంటే ముందు తెలుసు. ఎందుకంటే ఆ కూడబలుక్కోవడమంతా గోడ అవతలి నుంచి విన్నది ఆయనే. తప్పు చదివితే నవ్వేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. అయినా తప్పు చదివితే నవ్వేవాడు. తప్పు అని ఎట్లా తెలిసింది భాయ్ అంటే, "నీ గొంతు దొంగతనం చేసినట్టు చిన్నగైతది" అనేవాడు.

పత్తర్‌గట్టి వెనుక సందులో ఆయనకు ఒక ఇరుకు కొట్టు ఉండేది. యుద్ధం మొదలై విలాయతీ రంగు డబ్బాలు ఓడలతో పాటే ఆగిపోయాక ఆ కొట్టు ముందు మనుషులు గుంపులు కట్టారు. సగం ఇంటికి ఒక కంపెనీ రంగు వేయించి ఉంటారు. మిగతా సగానికి ఆ డబ్బా దొరకదు. కలకత్తా డబ్బా ఒకటి, బొంబాయి డబ్బా ఒకటి బజారులోకి వచ్చాయి. మూతల మీద పేర్లు మాత్రం విలాయతీ డబ్బా మీద ఉన్నవే. కొని తెచ్చి వేస్తే ఒక గోడ ఒక తీరు, పక్క గోడ ఇంకో తీరు. అప్పుడు ఆయన దగ్గరికి పరుగెత్తేవారు.

ఎవరైనా రంగు పేరు చెప్పి అడిగితే ఆయన మండిపడేవాడు. "పేరు డబ్బాకు పెట్టిండ్రు. గోడకు పేరుంటదా? పో, గోడను తీస్కరా." నిజంగానే తెచ్చేవారు. రుమాలులో గోడ పెచ్చు, కాగితంలో కిటికీ నుంచి గీకిన పొర. ఒకాయన కిటికీ తలుపునే ఊడదీసి నెత్తిన పెట్టుకుని బజారంతా నడిచి వచ్చాడు. మేస్త్రి ఆ ముక్కను ఎండలోకి తెచ్చి, ఎడమ కన్ను మూసి, మెడ ఒక పక్కకు వంచి చూసేవాడు. కలిపిన రంగు చుక్కను తాను టీ తాగిన సాసరు అంచున పెట్టి ఎండే దాకా ఊరుకునేవాడు. తొందరపెట్టిన వాడికి తిట్లు. "తడి రంగు పెండ్లికొడుకు లెక్క. ఎండినంక చూడు, అసలు మొగడు అప్పుడు కనబడ్తడు."

గర్వి. ఆ మాట ఇక్కడ దాచను. చనిపోయినవాడి మీద తేనె పూయడం నాకు చేతకాదు. హైదరాబాదులో తనంత కన్ను ఎవరికీ లేదని ఎదుటివాడి మొహం మీద చెప్పేవాడు. నోరు మంచిది కాదు. పని చెడిపోతే పక్కన నిలబడ్డవాడిదే తప్పు. చాలాసార్లు ఆ పక్కన నిలబడ్డవాణ్ణి నేనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీకు తెలిసిందే. తెలియనట్టు కూర్చున్నారు కాబట్టి మళ్లీ చెబుతాను.

మనకు పాలు పోసే అవ్వ ఉంది. భర్త పోయిన ఒంటరి మనిషి, ఒక బర్రె. మన మందిరంలో ముందు బెంచీ మీద కూర్చునే పెద్దాయన ఇంట్లో ఎన్నో ఏళ్లుగా అద్దెకు ఉంటోంది. ఆ చోటు అల్లుడి మోటారు షెడ్డుకు కావాలని పెద్దాయనకు బుద్ధి పుట్టింది. ఊరికే వెళ్లగొడితే పదిమందీ ఏమంటారోనని భయం. పేదవాడి ద్రాక్షతోట కావాలని మంచమెక్కి అన్నం మానేసిన రాజు గురించి చదివాం కదా. ఈయన అన్నం మానలేదు, కారణం కోసం చూశాడు. బర్రె దాన్ని తెచ్చి ఇచ్చింది. వీధి తలుపు ఒక రెక్కను కొమ్ముతో పొడిచి చీల్చింది. అవ్వ వడ్లాయనతో కొత్త రెక్క చేయించింది. పాత రెక్క మీది రంగు పేరు ఎవరినో అడిగి తెలుసుకుని, అదే పేరున్న బొంబాయి డబ్బా కొని, తానే వేసుకుంది. తప్పు ఆమెది కాదు. డబ్బా మీది పేరు నమ్మింది.

ఆ ఆదివారం ప్రార్థన కాగానే పెద్దాయన అందరినీ వెంటబెట్టుకుని ఆ వాకిట్లోకి వెళ్లాడు. మీరూ ఉన్నారు.

"ఏందవ్వా ఇది? ఇది చిలుక, అది చింతాకు. నా ఇల్లు సర్కసు డేరా అనుకున్నవా?"

మీరు నవ్వారు. నేను లెక్కపెట్టలేదు గానీ, నవ్వని మొహం నాకు కనబడలేదు.

"దొరా, గదే పేరు అన్నరు," అంది అవ్వ.

"నేను ఇల్లు ఇచ్చిన్నాడు రెండు రెక్కలు ఒక్క తీరుగ ఉండె. అట్లనే ఉండాలె. నెలాఖరు ఆదివారం ప్రార్థన అయినంక నేనే వచ్చి చూస్త. కలిస్తే ఉండు. కలవకుంటే బర్రెను తోలుకొని పో. ఇంకొక మాట, పాత రెక్కను ముట్టొద్దు. అది నా పెండ్లి నాటి విలాయతీ రంగు. దాని మీద చెయ్యి పడ్డా ఖాళీ చేసుడే."

రెండు రెక్కలకూ కొత్తగా ఒకే రంగు వేసే దారి కూడా ఆ మాటతో మూసేశాడు. కలవదని తెలిసే ఆ షరతు పెట్టాడు. ఆ డబ్బా ఇక రాదు, అది పెద్దాయనకూ తెలుసు.

ఆ సాయంత్రం నేను పెరట్లో మోకాళ్ల మీద పడి పెద్దాయన పేరు ఎత్తి మొరపెట్టుకున్నాను. చాలాసేపు ఒర్రాను. ఊపిరి తీసుకోవడానికి ఆగితే గోడ అవతలి నుంచి గొంతు వచ్చింది.

"పాద్రీ సాబ్, దేవునికి చెప్పుడు అయితే జర నాకు చెప్పు. ఏం ఆకుపచ్చ అది?"

మర్నాడు పొద్దున్నే ఆయన అవ్వ గుమ్మం ముందు ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. పాత రెక్క మీద బొటనవేలు తడిచేసి రుద్దాడు. తరువాత గొళ్లెం పట్టీ మరలు విప్పాడు. పట్టీ కింద, వేలెడంత చోట, నల్లగా నిగనిగలాడే చిక్కటి ఆకుపచ్చ కనిపించింది.

"ఇది దొర పెండ్లినాటి రంగు," అన్నాడు. "కింద ఎండ తగిలే కాడ చూడు, సుద్ద లెక్క తేలిపోయింది. పైన చూరు నీడకు చూడు, నూనె పసుపుకొచ్చింది. ఒక్క రెక్క మీద మూడు ఆకుపచ్చలున్నయి. పోయి అడుగు మీ దొరను, ఇందుల ఏది కావాల్నో."

అవ్వ పాలచెంబు పట్టుకుని నిలబడి ఉంది. "కండ్లకు కనబడేది కలిస్తే చాలు భాయ్. పట్టీ కింద ఎవలు చూస్తరు?"

ఆయన మొహం మాడింది. తాను చెప్పాల్సిన మాట వేరొకరు చెబితే ఆయనకు గిట్టదు. "నేనూ అదే అంటున్న గద!" అని మరలు బిగించాడు.

నాకు అక్కడ ఒక పట్టింపు వచ్చింది. కొత్త చెక్కను ఎండకు మాసినట్టు, ఏళ్లు గడిచినట్టు చేయడం అబద్ధం కాదా? బయట సున్నం కొట్టి లోపల ఎముకలు దాచిన సమాధుల మాట ఎత్తి ఆయన్ని నిలదీశాను.

"భాయ్, ఇది మోసం."

"దొర రంగు అడిగిండు. వయసు అడిగిండా? రంగు కలవాలన్నడు, కలుపుతున్న. నువ్వు సమాధులు చూసుకో, నేను తలుపు చూసుకుంట."

"వాక్యం అట్ల చెప్పదు."

"నీ కితాబుల ఈ ముసలామె ఏడ ఉండాల్నో రాసిండ్రా? రాసుంటే చూపెట్టు, కుంచె కింద పెడ్త."

నేను చూపించలేకపోయాను. వెతికితే విధవరాళ్ల పక్షాన నిలబడమన్న మాటే మళ్లీ మళ్లీ వచ్చింది. అయినా ఆయన జవాబు సరైనదని నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కుంచె మాత్రం ఆయన కింద పెట్టలేదు.

మొదట చిలుక రంగంతా గీకేశాడు. కలకత్తా ఆకుపచ్చలో నీలం ఎక్కువ, బొంబాయి ఆకుపచ్చలో పసుపు ఎక్కువ. రెండూ కలిపితే మధ్యలోకి వస్తాయని గొప్పగా చెప్పి ఒక డబ్బాలో పోసి కలిపాడు. అదొక పెద్ద పండుగలా వీధిలో చేశాడు. సాయంత్రానికి డబ్బాలో గడ్డలు తేలాయి. ఒక కంపెనీ నూనె ఇంకో కంపెనీ నూనెతో పొసగలేదు. అవ్వ తొంగి చూసింది. పాలతో బతికే మనిషి, ఆమెకు ఇంకో మాట ఎక్కడిది?

"భాయ్, విరిగింది. నిమ్మకాయ గిట్ల పిండినవా?"

వీధిలో వాళ్లు నవ్వారు. ఆయన ఆ డబ్బాను తన్నాడు. తన్ని, నా వైపు తిరిగాడు. "నీ నీడ పడ్డది దీని మీద! పో ఆడికెల్లి!" పోయాను. ఆ మాటకు నేనూ ఊరుకోలేదు, నోటికి వచ్చింది అన్నాను. కొన్నాళ్లు గోడకు అటూ ఇటూ మాటల్లేవు. నేను ప్రార్థన ఇంకా గట్టిగా చేశాను. ఆయన నూనె ఇంకా ఎక్కువ కాచాడు.

కానీ పని ఆపలేదు. రోజూ పొద్దున్నే కొట్టుకు వెళ్లే ముందు, మళ్లీ తిరిగొచ్చాక, అవ్వ గుమ్మం ముందు కనబడేవాడు. వడ్లాయన దగ్గర మిగిలిన చెక్క ముక్కలు తెచ్చి, ఒక్కోదానికి రంగు వేసి, ఎండిన తరువాత దారం కట్టి పాత రెక్క పక్కన వేలాడదీసేవాడు. వీధి దాటి అవతలి గోడకు ఆనుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు. పొద్దున కలిసిన ముక్క మధ్యాహ్నం ఎండకు విడిపోయేది. మధ్యాహ్నం కలిసింది సాయంత్రం నల్లబడేది. ఉర్దూలో తిట్టి, దారం తెంపి, ముక్కను బర్రె ముందు పారేసేవాడు. బర్రె వాసన చూసి మొహం తిప్పుకునేది. "దీనికి కూడ నచ్చలే," అనేవాడు.

ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చాడు. ఇన్నేళ్లలో గోడ మీది నుంచి అరవడమే తప్ప, గుమ్మంలోకి రావడం అదే మొదలు. చేతులు, గడ్డం అంతా ఆకుపచ్చ.

"రా," అన్నాడు.

వెళ్లాను. వీధి అవతల నిలబెట్టాడు. మిట్టమధ్యాహ్నం. చూశాను. "ముక్క ఏడుంది?" అని అడిగాను. పాత రెక్క మీదే వేలాడుతోందట. దారం చూసి పట్టుకున్నాను, రంగు చూసి పట్టుకోలేకపోయాను.

"ఎట్ల చేసినవ్ భాయ్?"

"కలవని రెండింటిని ఒక్క డబ్బాల పొయ్యొద్దు. కొట్లాడ్తయి, నువ్వూ నేనూ కొట్లాడినట్టు. బొంబాయి పసుపుదాన్ని కింద వేసి ఎండనియ్యి, బాగా ఎండనియ్యి. దాని మీద కలకత్తా నీలందాన్ని పలచగ వెయ్యి. కొంచెం సుద్ద, చిటికెడు మసి. కిందిది పైదాంట్లకెల్లి కనబడ్తది. కన్ను రెండింటిని ఒక్కటే అనుకుంటది." నా వైపు వేలు చూపి, "ఇది రాస్కో నీ కితాబుల," అన్నాడు.

నేను నేర్చుకున్న పాఠం అక్కడ ఉంది. గ్రంథంలో దొరకలేదు, సాసరు అంచున దొరికింది. అందుకు ఆయనకు నేను కృతజ్ఞుణ్ణి. పొగడ్త అనుకునేవాళ్లు అనుకోండి.

కొత్త రెక్కకు పసుపు పొర వేశాడు. అది ఎండుతుండగానే ఆయన రొమ్ము పట్టింది. ఎప్పటి నుంచో దగ్గు, ఈసారి జ్వరం తోడైంది. సోమవారం మధ్యాహ్నం కబురు పెడితే వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు, నోరు మాత్రం మారలేదు.

"పై పొర కలిపి పెట్టిన. పొర కట్టకుండ మీద నూనె పోసిన. వేసేటప్పుడు నూనె వంచెయ్యి, అడుగు దాకా కలుపు. కుంచె పైనుంచి కిందికి, ఒక్కసారే. ఎనకకు వచ్చి రుద్దితే కింది రంగు లేస్తది. చూరు కింద ఇంకొంత పలచగ. సమజైందా?"

"నేను వేస్త భాయ్, ఫికర్ చెయ్యకు."

"నువ్వా? తోబ! నీ చెయ్యి ప్రసంగం చెప్పినట్టు ఊగుతది. నువ్వు ముట్టకు. మీ వాళ్లల్ల సున్నం కొట్టెటోళ్లు లేరా? వాళ్లను పిలువు. మీ ముసలామె, మీ దొర, మీ గుడి. ఒక్క పొర మీరు వెయ్యరా?" దగ్గు ఆగాక నన్ను అదోలా చూశాడు. "వస్తరంటవా?"

వస్తరు అన్నాను.

మంగళవారం సాయంత్రానికి ఆయన లేడు.

బుధవారం మట్టి ఇచ్చి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మీ ఇళ్లకు తిరిగాను. కుంచె పట్టడం మీలో ఎవరికి వచ్చో నాకు తెలుసు. ఒకరు అన్నారు, "దొర మనసుల పెట్టుకుంటడు అన్నా, మాకెందుకు లొల్లి?" ఇంకొకరు, "సాయిబు ఇడిచిపెట్టిన కుంచె మేం పట్టాల్నా?" మరొకరు లోపలే ఉండి, లేనని భార్యతో చెప్పించారు. ఆమె అబద్ధం ఆడుతూ తలుపు పట్టుకుని నిలబడింది. ఆ తలుపు రంగు కూడా ఆయనదే. పోయిన ఏడాది కొట్టులో మంచి డబ్బా దొరికితే మీ కోసమని దాచి ఉంచి వేశాడు.

ఆయన మతం మీకు అడ్డమా? మందిరం కిటికీలకు వేసేటప్పుడు అడగలేదే! పెద్దాయన కోపం భయమా? భయపడండి. కానీ వితంతువు ఇంటిని మింగేవారి గురించి వాక్యం ఏమంటుందో ఆదివారం నా నోట విని, సోమవారం ఆ మింగేవారికి పళ్లెం పట్టకండి. పాట పాడటానికి మీకు గొంతుంది. ఒక చెక్క మీద అయిదు నిమిషాలు చెయ్యి ఆడించడానికి వెన్ను లేదా?

నిన్న రాత్రి పత్తర్‌గట్టి అచ్చు దుకాణంలో కూర్చుని ఈ కరపత్రం వేయించాను. ఈ శుక్రవారం పొద్దున ఇంటింటికీ నేనే తెచ్చి ఇస్తున్నాను. ఎల్లుండే నెలాఖరు ఆదివారం. ప్రార్థన కాగానే పెద్దాయన వస్తాడు. ఆ పొర ఎండడానికి ఈ రోజు మిగతా పగలు, రేపంతా కావాలి. రేపు వేస్తే ఆదివారానికి తడిగానే ఉంటుంది. తడి రంగు ముదురుగా కనబడుతుంది. అంతే, ఆమె బర్రెను తోలుకుని వీధిలోకి.

రెక్క అవ్వ వాకిట్లో, వసారా నీడలో, రెండు బెంచీల మీద పడుకోబెట్టి ఉంది. దుమ్ము తుడిచి తడిగుడ్డతో ఒత్తాను. ద్వారబంధంలో ఒక పక్క పాత రెక్క, ఇంకో పక్క గోనెపట్ట వేలాడుతోంది. గాలికి ఆ పట్ట లేచినప్పుడల్లా లోపల అవ్వ గిన్నెలు మూట కట్టుకుంటూ కనబడుతోంది. కట్టొద్దంటే వినడం లేదు.

కుంచె కడిగి పెట్టాను. ఇది పంచడానికి బయలుదేరే ముందే డబ్బా మీది నూనె వంచేసి, అడుగు దాకా కలిపి వస్తాను. గాలి తగిలిన రంగు ఎవరి కోసమూ ఆగదు. ఒకరు కుంచె పట్టండి. ఇద్దరు రెక్క పట్టండి. మిగతావాళ్లు ఆదివారం ఆ గుమ్మం ముందు నిలబడి, రెండు రెక్కలూ ఒక్క రంగేనని పెద్దాయన మొహం మీద చెప్పడానికి సిద్ధపడండి. చదవడం ఇక్కడితో చాలించండి. ఎండ ఎక్కక ముందే, ఇప్పుడే, అవ్వ వాకిట్లోకి రండి.